దొడ్డికాళ్లకు ఆపరేషన్ దండగ అని ఎవరు చెప్పారు?

ఈ వారంలో ఆ వాట్సాప్ సందేశం రావడం నాలుగోసారి. ఈసారి పంపింది మా చిన్నాన్న. పిన్నికి మోకాళ్లు దొడ్డివిగా తిరిగాయి కాబట్టి ఆయన దాన్ని నమ్మాడు. "మోకాళ్లు వంకరపోయినవారికి కీలు మార్పిడి దండగ" అన్నది దాని సారాంశం. కింద ఐదు కారణాలు, పదిమందికీ పంపమని వేడుకోలు.

వంకర కాలిని నిటారు చేసినా రెండేళ్లలో పాత వంకరే వస్తుందట. మన దగ్గర మోకాలి మార్పిడికి వచ్చేవారిలో ఎక్కువమంది దొడ్డికాళ్లవారే. వాళ్లందరి కాళ్లూ రెండేళ్లకే ఒరిగిపోతే ఈపాటికి ఆ ఆపరేషనే ఆగిపోయేది. విదేశాల్లో ఈ ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీల లెక్కలు కూర్చి 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణలో దాదాపు 82 శాతం కీళ్లు 25 ఏళ్లు నిలిచాయి. బరువంతా ఒక పక్కనే పడేలా అమర్చినా, లోపలి పక్క బిగుసుకున్న, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్‌ను సరిచేయకపోయినా కీలు వదులవుతుంది. అది అమరికలో లోపం.

నూనె మర్దనతో వంకర పోతుందట. అరిగిన ఎముక నూనెకు పెరగదు. రోబోతో చేస్తేనే కాలు నిటారుగా వస్తుందట. రోబోలు రాకముందు దశాబ్దాలపాటు కాళ్లు నిటారు చేసింది చేతులే.

నాలుగోదాన్ని మాత్రం క్షమించలేను: "అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోండి."

మా పెద్దమ్మ ఆరేళ్లు అచ్చంగా ఇదే చేసింది. ఆమె చెప్పులు బయటి అంచున కాగితంలా అరిగిపోయేవి. చివరికి తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. తుంటి మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసిన గీత మోకాలి నడిమి నుంచి పోవాలి. ఆమెకు మోకాలిని తాకకుండా లోపలి పక్కగా పోయింది. ఆ పక్క ఎముక అరిగిన గడపలా కుంగి ఉంది, బయటి పక్క లిగమెంట్ సాగిపోయింది. దిండు పుణ్యమా అని మోకాలు వంగినచోటే బిగుసుకుంది. మామూలు కీలు చాలలేదు. కుంగినచోట లోహపు ముక్క పెట్టి, ఎముకలోకి కడ్డీ దించాల్సి వచ్చింది. ముందే వస్తే ఇవేవీ అక్కర్లేకపోయేవని డాక్టర్ చెప్పారు.

ఆ తర్వాత నెలల తరబడి మడమను స్టూలు మీద పెట్టి, మోకాలిని కిందికి అదిమి, పళ్లు బిగబట్టి పది లెక్కపెట్టేది. ఏడు దగ్గరే కళ్లలో నీళ్లు తిరిగేవి. దిండు సలహా రాసిన మహానుభావుడు ఒక్క పూట వచ్చి ఆ లెక్క పూర్తి చేయించి ఉండాల్సింది!

ఇక ఐదోది. "కాలు నిటారు చేసినంత మాత్రాన అందరూ సంతృప్తి పడరు." ఇది నిజం. ఆపరేషన్ బాగా జరిగినా సుమారు ఐదుగురిలో ఒకరికి పూర్తి తృప్తి ఉండదు. అంతేకాదు, గీత కచ్చితంగా ఉండటమే సర్వస్వం కూడా కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 398 మోకాళ్లను పరిశీలించి 2010లో వెల్లడించిన ఫలితాల్లో, మూడు డిగ్రీల తేడాలోపు నిటారుగా ఉన్న కీళ్లు 15 ఏళ్ల తర్వాత మిగతావాటికంటే ఎక్కువేమీ నిలవలేదు. పుట్టుకతోనే కాస్త దొడ్డిగా ఉండే కాళ్లుంటాయి, వాటిని బలవంతంగా గీతకు తేవాలా అన్న చర్చ సర్జన్లలోనే ఉంది.

నిజంగా భయపెట్టాలనుకుంటే చెప్పాల్సింది ఒకటి ఉంది, అది ఆ సందేశంలో లేదు. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునే కాళ్లు, నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో చూసినలాంటివి, పైగా వంగి బిగుసుకుపోతే, వాటిని ఒక్కసారిగా సాగదీసినప్పుడు మోకాలి బయటి పక్క నరం దెబ్బతిని పాదం వాలిపోవచ్చు. ఆ ముప్పు గురించి సర్జన్‌ను ముందే అడగండి.

చిన్నాన్నా, పిన్నిని నిలబెట్టి ఎక్స్‌రే తీయిద్దాం. ఈ రాత్రికి మాత్రం ఆమె మోకాలి కింద దిండు తీసేయండి.