సీటిచ్చి చేతులు దులుపుకుంటే ఎలా?

రేపు ల్యాబ్ వేరే బ్లాకులో అని రాత్రి పదకొండింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. తక్కినవాళ్లు విసుక్కుని పడుకుంటారు. ఆటిజం ఉన్న విద్యార్థుల్లో కొందరికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. దారి, గది, కూర్చునే చోటు ముందే తెలిస్తేగాని వాళ్లకు అడుగు పడదు. పొద్దున ల్యాబ్‌కు రాకపోతే ఆబ్సెంట్ పడుతుంది. కారణం ఎవరూ అడగరు.

చట్టం లేక కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి ఆటిజాన్నీ చేర్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. స్క్రైబ్‌కు, అంటే తమ బదులు జవాబులు రాసిపెట్టే మనిషికి, అర్హులైనవారికి పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. రాయడం కష్టమైనప్పుడు 40 శాతం లేదన్న సాకుతో స్క్రైబ్‌ను కాదనకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆటిజాన్ని అంచనా వేసే మన దేశపు స్కేలు తయారైంది కూడా సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలోనే.

ఇంతా చేసి సాయం పరీక్ష హాల్లోనే ఆగిపోతోంది. వైవాలో ఎగ్జామినర్ కళ్లలోకి చూడకుండా బల్ల వైపు చూస్తూ సరైన జవాబే చెప్పినా, కాన్ఫిడెన్స్ లేదని మార్కులు కోస్తారు. స్టీలు కంచాల మోత, టీవీ హోరు భరించలేక మెస్ మానేసి గదిలో బిస్కెట్లతో సరిపెట్టుకునే కుర్రాడికి పొగరని పేరు. ఇంటర్ రెసిడెన్షియల్ క్యాంపస్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. చెబితే అడ్మిషన్ ఇవ్వరేమోనన్న భయంతో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌ను బీరువాలోనే ఉంచే తల్లిదండ్రులను తప్పుపట్టలేం.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేయాలని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. దాన్ని చదివిన ప్రిన్సిపాళ్లు ఎందరో! టైమ్‌టేబుల్ మారితే ఒకరోజు ముందే రాసి చెప్పడం, వైవా ప్రశ్నలు కాగితం మీద ఇవ్వడం, మెస్‌లో రద్దీకి అరగంట ముందే భోజనం పెట్టడం, ఏ ఇబ్బందొచ్చినా వెళ్లి చెప్పుకోవడానికి ఒక లెక్చరర్‌ను చూపించడం. వీటిలో దేనికీ బడ్జెట్ అక్కర్లేదు. కొందరికి తమకు ఆటిజం ఉందని కాలేజీకి వచ్చాకే తెలుస్తుంది కాబట్టి, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆగమనడమూ కుదరదు.

అడ్మిషన్ ఫారంలో వైకల్యం ఎంత శాతమని అడుగుతున్నారు. నీకేం కావాలని అడిగే గడి కూడా ఒకటి ఈ ఏడాదే చేర్చాలి. దానికి జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు.