బావగారి ఫార్వర్డుకు జవాబు

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట పెద్దమ్మ, తర్వాత ఇద్దరు స్నేహితులు, ఇవాళ రావులపాలెం నుంచి మా బావగారు. “ప్రభుత్వాసుపత్రిలో రాత్రి ఉండేది కుర్ర ఇంటర్న్‌లే. నాలుగేళ్లు అక్కడే తిరిగితే వాళ్లే సీనియర్ రెసిడెంట్లు. తేడా జీతంలోనే. పిలిచినా సీనియర్ రాడు. పాము కరిస్తే అక్కడ ఆగకుండా పెద్ద ఊరికి తీసుకెళ్లండి.” కింద చేతులు జోడించిన బొమ్మలు మూడు.

జీతంలో తేడా ఉంది. ఉంటుంది.

‘నాలుగేళ్లు తిరిగితే’ అట. పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ, థీసిస్, పరీక్షలు అన్నీ వరండాలో నడుస్తుంటే వాటంతట అవే అయిపోతాయి కాబోలు.

ఇక పాము. నాట్ల రోజుల్లో గట్టు మీద కాటు పడిన మనిషి వస్తే, హౌస్ సర్జన్ (మీరు ఇంటర్న్ అన్నది వీళ్లనే) గడ్డకడుతుందో లేదో చూడటానికి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, బంధువులు అరుస్తుంటే తట్టుకోలేక పన్నెండో నిమిషంలోనే వంచి చూశాను. మా సీనియర్ ఒక్క మాట అనకుండా కొత్త గొట్టం చేతిలో పెట్టారు. ఇప్పుడు నేనే సీనియర్ రెసిడెంట్‌ని. ఆ గొట్టాన్ని హౌస్ సర్జన్ చూస్తుంది, నేను మనిషిని చూస్తాను. రక్తపింజరి అయితే గొట్టమే చెబుతుంది, రక్తం గడ్డకట్టదు. కట్లపాము అయితే రక్తం చక్కగా గడ్డకడుతుంది, కాటు దగ్గర వాపు కూడా పెద్దగా ఉండదు. “గడ్డకట్టింది సార్, పంపేద్దామా?” అని ఆ అమ్మాయి అడిగే సమయానికి రోగి కనురెప్పలు వాలుతుంటాయి. ఆ తర్వాత ఆగేది ఊపిరి.

అలాంటి మనిషిని, విరుగుడు మందు ఫ్రిజ్‌లో ఉన్న ఆసుపత్రి గేటు దాటించి కారులో ఇంకో ఊరికి తీసుకెళ్లమంటారా బావగారూ? దారిలో ఊపిరి ఆగితే ఎవరు అందిస్తారు? డ్రైవరా? వెనక సీట్లో కొబ్బరి బొండాలు పట్టుకుని కూర్చున్న మామయ్యా?

‘పిలిచినా సీనియర్ రాడు’ అన్నది మాత్రం కొట్టిపారేయలేను. పిలిస్తే వస్తాం. కానీ పిలవడానికే భయపడేలా చేస్తాం. మొన్న రాత్రి రెండు గంటలకు ఫోను వస్తే “ఇది కూడా నేనే చెప్పాలా?” అని విసుక్కున్నాను. తర్వాత మూడు రోజుల పాటు ఆ అమ్మాయి నా డ్యూటీలో ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. ఆ మూడు రోజులూ నేను హాయిగా నిద్రపోయాను. అదే తప్పు.

ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాదంతా తీసేసి పంపండి బావగారూ. చేతులు జోడించిన బొమ్మలు అక్కర్లేదు.