అరకు టికెట్టు సొమ్ము ఏ ఊరికి?

పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కడం, అద్దాల బోగీలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకులో దిగడం, పద్మాపురం గార్డెన్, గిరిజన మ్యూజియం, భోజనం, కాసేపు థింసా నృత్యం, తిరుగు దారిలో అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఫొటోలు, చీకటి పడేలోగా బొర్రా గుహలు, రాత్రికి మళ్లీ విశాఖ. అరకు వెళ్లొచ్చామని చెప్పేవాళ్లలో చాలామంది చూసి వచ్చేది ఈ వరుసనే. ఈ హడావుడి తెచ్చిపెట్టిన తంటాల మీద ఏటా డిసెంబరు, జనవరుల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. ఘాట్ రోడ్డులో ట్రాఫిక్, చాపరాయి బండల మీద పగిలిన సీసాలు, వంజంగి కొండపై ప్లాస్టిక్ కుప్పలు. అవన్నీ నిజమే. అయితే చెత్త ఊడ్చేస్తే అరకు బాగుపడిపోతుందనే మాట మాత్రం నేను నమ్మను. అసలు గొడవ సొమ్ముది.

ఆ ఒక్కరోజు ప్యాకేజీలో డబ్బు ఎక్కడెక్కడ ఆగుతుందో చూడండి. రైలు టికెట్టు రైల్వేకి, బస్సు, భోజనం పర్యాటక శాఖకో ట్రావెల్స్ వాళ్లకో, గుహల టికెట్టు మళ్లీ పర్యాటక శాఖకే. ఎవరి కొండల కోసం ఇంతమంది వస్తున్నారో ఆ కొండదొర, పోర్జ, కొటియా తెగలవాళ్లకు మిగిలేది రోడ్డు పక్క బొంగు చికెన్ బండి, డ్రైవరు పని, రిసార్టులో గదులు తుడిచే కొలువు. భోజనాల వేళ థింసా ఆడిన బృందానికి ఎంతో కొంత ముట్టజెబుతారు. పండక్కీ పెళ్లికీ ఊరంతా నడుములు పట్టుకుని గొలుసుగా కలిసి ఆడే ఆటను పావుగంట ఐటమ్‌గా కుదించి, పెరుగన్నం తింటూ చూస్తున్నాం.

వలిసె పూల సంగతే తీసుకోండి. వానలు తగ్గాక లోయంతా పసుపు పచ్చగా మారిపోతుంది. కార్లు దిగిన జనం నేరుగా మడిలోకి నడిచిపోతారు. అది పూలతోట కాదు, నూనెగింజల పంట. మొక్క విరిగితే గింజ పోయినట్టే. అందుకే రైతు గట్టు మీద తాడు కట్టి, మనిషికి పదో ఇరవయ్యో ఇమ్మంటాడు. అక్కడ మొదలవుతుంది బేరం. రిసార్టులో ఒక్క రాత్రికి వేలు కట్టి వచ్చినవాళ్లు కూడా ‘పువ్వు చూడ్డానికి డబ్బులేంటి?’ అని ఆ మనిషితో వాదిస్తారు. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, పజోర్ (పండగ మామూలు) అడిగితే కారు అద్దం పైకి లేస్తుంది. పార్కింగ్ రసీదు చించే కాంట్రాక్టరుకు మాత్రం మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాం. వసూలు చేసే హక్కు యూనిఫాం వేసుకున్నవాడిదే అని మనకు ఎక్కడో ఫిక్సయిపోయింది.

పర్యాటకం లేకపోతే ఆ బండీ ఉండదు, ఆ డ్రైవరు పనీ ఉండదు, రోడ్లూ రావు అంటారు కొందరు. పెద్ద హోటళ్లు వస్తేనే ఖర్చుపెట్టే టూరిస్టు వస్తాడు, భూమి చట్టాలు అడ్డం ఉంటే పెట్టుబడి రాదు అనేది ఆ వాదనకు కొనసాగింపు. సగం నిజమే. జనం రావడం వల్ల అరకు బజారు పెరిగింది, కాదనను. కానీ రోడ్డు సంగతి మాత్రం ఒప్పుకోను. బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలోనే కొండమీది గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. టూరిస్టు వెళ్లే వైపు తారు పడింది, పురుటి నొప్పులు వచ్చే వైపు పడలేదు.

2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక సదస్సులో స్పీకర్ అయ్యన్నపాత్రుడి నోట గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం 48 గంటలు బంద్ అయింది. ఆ చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. మైదానంలో చాలామందికి అది రెండు రోజుల వార్త. మన్యంలో మాత్రం గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా ఆపే తలుపు అదొక్కటే. ఆ తలుపుకు బినామీల కన్నాలు చాలానే ఉన్నాయని అరకులో ఎవరినడిగినా చెబుతారు.

ఇక్కడే మనం మరిచిపోయిన పాత తీర్పు ఒకటుంది. బొర్రా, నిమ్మలపాడు చుట్టుపక్కల గనుల లీజుల మీద గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ కోర్టుకెక్కితే, 1997లో సుప్రీంకోర్టు ఒక అసాధారణమైన మాట చెప్పింది. ఏ ‘వ్యక్తీ’ గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదనే ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక ‘వ్యక్తే’, కాబట్టి షెడ్యూల్డ్ (రాజ్యాంగ రక్షణ ఉన్న గిరిజన) ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదు అంది. తవ్వకాలు సాగేచోట నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బడికి, వైద్యానికి, రోడ్లకు పక్కన పెట్టాలని కూడా చెప్పింది. దేశంలోని ఆదివాసీ ప్రాంతాలన్నీ నేటికీ ఉదహరించే తీర్పు పుట్టింది మనం టార్చిలైటు వెలుగులో శివలింగం ఆకారాలు వెతుక్కునే గుహల పక్కనే. గైడు ఆ ముక్క చెప్పడు. నా దృష్టిలో అరకులో చూడాల్సినవాటిలో మొదటిది ఆ నిమ్మలపాడే.

అదే తర్కం పర్యాటకానికి ఎందుకు వర్తించకూడదు? కొండను తవ్వి సున్నపురాయి అమ్మినా, కొండను చూపించి టికెట్టు అమ్మినా సరుకు కొండే. గనిలో వాటా ఉండాలన్న న్యాయం గుహలో ఎందుకు ఉండదు? అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం ఉండాలని షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం (పెసా) 1996 నుంచీ చెబుతోంది. వ్యూ పాయింట్ దగ్గర జిప్‌లైను, గాజు వంతెన, టెంట్ సిటీ అంటూ ప్రకటనలు వచ్చే ముందు గ్రామసభలో తలలు లెక్కపెట్టారని ఎప్పుడైనా విన్నామా?

కొండ సొమ్ము కొండవాళ్లకూ దక్కేలా చేయడం అనే ఈ పనిని కాఫీ చేసి చూపించింది. చిన్న కమతాల్లో, సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల మధ్య గిరిజన రైతులు పండించిన గింజకు 2017లో పారిస్‌లో సొంత దుకాణం వచ్చింది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ భూమి రైతు చేతిలోనే ఉంది కాబట్టే ధర పెరిగినప్పుడు అతనికీ కొంత దక్కింది. భూమి చట్టం అడ్డం రాలేదు సరికదా, ఆ కాఫీకి కాపలా కాసింది. టూరిస్టులు దిగే గదులూ అలాగే రావాలి. రెండు రాత్రులు గిరిజనుల ఇళ్లలో ఉండి, వారపు సంతలో తిరిగి, పనస గింజల కూర తిని వచ్చే టూరిస్టు పది పాయింట్లు చుట్టి వచ్చేవాడికన్నా ఆ ఊరికి ఎక్కువ మిగులుస్తాడు. అందుకు కావాల్సింది మరుగుదొడ్లు, బ్యాంకు అప్పు, బుకింగు నేర్పే మనిషి. ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చేయగలిగిన పనులే. ఏడు నక్షత్రాల హోటలు శంకుస్థాపనకు పడేంత పెద్ద ఫొటో మాత్రం దీనికి పడదు, అదే చిక్కు.

వలిసె పూలతో మళ్లీ సీజన్ మొదలవుతుంది. ఈలోగా బొర్రా టికెట్టులో ఐదో వంతు ఆ పంచాయతీ ఖాతాకు నేరుగా జమ చేస్తూ, లెక్కలు గ్రామసభ ముందు పెట్టాలని ఒక్క పేజీ జీవో ఇవ్వవచ్చు. దానికి పెట్టుబడి అక్కర్లేదు, చట్ట సవరణా అక్కర్లేదు.