బట్టల కొట్టు కాగితాలను తూకానికి వేయకండి

బట్టల కొట్టు మూతపడితే ఇంట్లోవాళ్లు ముందు ఇంటి దస్తావేజులు, షాపు అద్దె కాగితం, బ్యాంకు పుస్తకాలు ఏరి దాచుకుంటారు. చిట్టాలు (రోజువారీ లెక్కల పుస్తకాలు), ఆవర్జాలు (ఒక్కొక్కరి పేరు మీద ఖాతా రాసే పుస్తకాలు), ఉత్తరాల కట్టలు మాత్రం పాత పేపర్ల తూకంలో పోతాయి. చీరాల, మంగళగిరి, గద్వాల, పోచంపల్లి లాంటి నేత ఊళ్లలో కూడా ఇలా జరుగుతుంటే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

1957లో బట్టల మీద అమ్మకపు పన్ను పోయి, దాని బదులు అదనపు ఎక్సైజ్ సుంకం మిల్లు దగ్గరే వసూలు చేయడం మొదలైంది. మధ్యలో కొద్దికాలం తప్పిస్తే, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా చిన్న బట్టల కొట్టు అమ్మకపు పన్ను లెక్కలు చూపించాల్సిన పని పెద్దగా లేదు. అంటే ఆ దశాబ్దాల వ్యాపారం సర్కారు ఫైళ్లలో దొరికేది చాలా తక్కువ. నేతన్న సంగతి ఇంకా అన్యాయం. ఎంత నూలు ఇచ్చారు, ఏ కౌంటు (నూలు సన్నదనం), పడుగుకి (మగ్గానికెక్కించే నిలువు దారాల వరుసకి) ఎంత కూలి, పండక్కి ఎంత అడ్వాన్సు తీసుకున్నాడు, ఎప్పటికి తీరింది... ఇవన్నీ షావుకారు ఆవర్జాలో నేతన్న పేరు మీదున్న పేజీలోనే ఉంటాయి. నేతన్న దగ్గర ఏ కాగితమూ ఉండదు. ఆ పుస్తకం పోతే ఆయన జీవితకాలపు సంపాదన లెక్క కూడా పోయినట్టే.

అందుకే ముందు ఏదీ ఏరకండి. ‘సొంతవి’, ‘వ్యాపారానివి’ అని రెండు కుప్పలు పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. సూరత్ నుంచో, బొంబాయి నుంచో వచ్చిన ఒకే ఉత్తరంలో పైన సరుకు ధర, కింద పిల్ల పెళ్లి కబురు ఉంటాయి. కమ్మీకి (ఇనుప తీగకి) గుచ్చిన బిల్లుల వరుసే వాటి తేదీల వరుస, కాబట్టి విప్పే ముందు ఫోటో తీసి, అదే వరుసలో దారంతో వదులుగా కట్టండి. పుస్తకంలో మడిచి పెట్టిన చీటీలు ఏ పేజీలో ఉన్నాయో పెన్సిల్‌తో రాసుకోండి. ఇంకొకటి: కొన్న ధర గిరాకీకి తెలియకుండా చీర చీటీ మీద అక్షరాల్లో రాయడం చాలా కొట్ల పద్ధతి. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకెకు ఏ అక్షరమో ఆ కొట్టువాళ్లకే తెలుసు. అది దొరక్కపోతే చీటీలన్నీ అర్థం లేని అక్షరాలే.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. తెలంగాణ పాత పుస్తకాల్లో నిజాం కాలపు ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపాలి, కాబట్టి ఫసలీ 1350 అంటే 1940-41. అందులోని రూపాయి హాలీ సిక్కా (నిజాం రూపాయి) అయితే, ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. 1957 ఏప్రిల్ 1కి ముందు 2-8-6 అని ఉంటే రెండు రూపాయల ఎనిమిది అణాల ఆరు పైలు (రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు). దాన్ని 2.86 అని ఎక్కించేవాళ్లున్నారు, నిజానికి అది 2.53. కొలతలు గజాల్లో ఉంటే అలాగే రాసుకోండి, మీటర్లు పక్కన వేయండి.

లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి, జిగురుకి కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయలేం. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపు మరక మిగిల్చి రాలిపోతుంది. తుప్పు పట్టిన గుండుసూదులు లాగకండి, మెల్లగా తీయండి. తడిసినవి ఎండలో పెట్టకుండా నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అందంగా ఉందని కత్తిరించేవాళ్లకు ఒక్క మాట: సంతకం ఆ స్టాంపు మీదుగానే ఉంటుంది, స్టాంపు పోతే నోటుకు ప్రాణం లేదు. కట్టలను రంగు దిగని నూలు గుడ్డలో చుట్టి, నేలకు, గోడకు ఆనకుండా అరలో పెట్టండి. ఫోటోలు కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, అట్ట నుంచి ఖాళీ పేజీలతో సహా తీయండి. కంప్యూటర్ బిల్లుల థర్మల్ కాగితం వెలిసిపోతుంది, వెంటనే జిరాక్స్ తీయించాలి.

ఇటీవలి పుస్తకాలను చట్టం కోసమైనా ఉంచాలి. జీఎస్టీ లెక్కలకు, వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. 2023-24వి 2030 డిసెంబరు 31 దాకా. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ.

అరువు ఖాతాల పేజీలు వాట్సాప్‌లో పెట్టకండి. ఎవరి తాత ఎంత బాకీ పడ్డాడో ఊరంతా చూడాల్సిన పని లేదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కో (పాత రికార్డులు దాచే ప్రభుత్వ సంస్థకో), యూనివర్సిటీ చరిత్ర శాఖకో ఇద్దామనుకుంటే ముందు ఉత్తరం రాసి తీసుకుంటారో లేదో కనుక్కోండి. ఆ పేర్లు ఎన్నేళ్లు బయటపెట్టకూడదో ఒప్పందంలో రాయించండి.

పాత గుమాస్తా బతికే ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి. చీటీ అక్షరాల గుట్టు, ‘పెద్ద సాయిబు ఖాతా’ లాంటి పేర్లు ఎవరివో, ఏ చేతిరాత ఎవరిదో పేజీలు చూపిస్తూ అడిగి, ఫోన్‌లో రికార్డు చేయండి.