‘క్వైట్’ గారికి బరంపురం నుంచి ఒక విన్నపం

ఇంగ్లీషు మాట మహారాజశ్రీ ‘క్వైట్’ (quite) గారికి,

మేము ఒడిశాలోని బరంపురంలో అప్పడాలూ ఆవకాయా అమ్ముకొని బతికేవాళ్లము. లండనులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు తన పై అధికారికి మా అప్పడాలు రుచి చూపించగా, ఆయన ‘క్వైట్ గుడ్’ అని చీటీ రాసి ఇచ్చారు. ‘గుడ్’ అంటేనే మంచిది, దాని ముందు తమరు కూడా నిలబడ్డారు కనుక ఇంకెంత మంచిదో అనుకొని, మేము ఆ చీటీకి పటం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాము. అమెరికా వారు ఆ మాట అంటే సంతోషించవచ్చునని, ఇంగ్లండు వారు అంటే చాలాసార్లు ‘ఫరవాలేదు’ అన్నంతే అర్థమని, మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు గాని మాకు తెలియలేదు. ఒకే పడికట్టు రాయి ఒక ఊళ్లో అరకిలో, మరొక ఊళ్లో రెండు కిలోలు తూగితే మా బజారులో దానిని జప్తు చేస్తారు.

పోనీ, ఇంగ్లండులోనైనా తమరు మాట మీద నిలబడతారా? ‘గుడ్’ పక్కన చేరి దాని బలం తగ్గించే తమరే ‘ఇంపాజిబుల్’ పక్కన చేరగానే ‘బొత్తిగా’ అయిపోతారు; ‘ఎ ఫ్యూ’ అనే కొద్దిమంది తమరు ముందు నడిస్తే చాలామంది అవుతారు. పైగా ‘గుడ్’ను ఒత్తి పలికితే మెప్పట, తమరిని ఒత్తి పలికితే పెదవి విరుపట! చీటీలో ఆ ఒత్తు ఎవరికి వినిపిస్తుంది?

లాటిన్‌లో ‘ప్రశాంతం’ అనే అర్థమున్న మాటకు తమరు వారసులు. ఫ్రెంచి వారి ఇంట అప్పు తీరి విముక్తుడైనవాడు అనే అర్థం సంపాదించి, ఆ మీదట ఇంగ్లీషులో ‘పూర్తిగా’ అయ్యారు. సగం తూకం అలవాటు తరువాత వచ్చినదే. ‘నిశ్శబ్దం’ అని చెప్పే ‘క్వైట్’ (quiet) కూడా ఆ ఇంటి బిడ్డే కనుక, మా చిన్ననాటి బడిగోడ మీద చివరి రెండక్షరాలు తారుమారు చేసి తమరి పేరు రాసిన పెయింటరును ఇప్పుడు క్షమిస్తున్నాను.

ఇటువంటి పేచీ మా ఊళ్లో లేదని అనను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా గంజాం ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయి ఇటు వచ్చింది. ఈనాటికీ మా కొట్లో ఒడియా వారి ‘బేస్ భొలొ’ వినబడితే ‘బాగానే ఉంది’ అని, తెలుగువారి ‘భేష్’ వినబడితే అంతకు మించిన మెప్పు లేదని అర్థం చేసుకోవాలి. అయితే కొనేవారు ఎదురుగా నిలబడి ఉంటారు. రెండో అప్పడం కోసం చెయ్యి చాచారా లేదా అన్నదే మాకు నిఘంటువు.

పటం ఇంకా దింపలేదు. అమెరికా నుంచి వచ్చినవారికి చూపిస్తున్నాము. ఇంగ్లండు వారు వస్తే దాని మీద క్యాలెండరు వేలాడదీస్తాము.

ఇట్లు,
తమ క్వైట్ విధేయుడు