పంపేటప్పుడే పేచీ

ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే రూపమైన జేసన్‌ను గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లోకి తెచ్చుకోవడం, తిరిగి జేసన్‌గా పంపడం చెరొక వరుస కోడుతో అయిపోతాయని ఒక వ్యాసంలో రాశారు. ఇందుకు ఆర్‌లో వాడే జేసన్‌లైట్ ప్యాకేజీతో తెచ్చుకోవడం వరకు చాలాసార్లు నిజమే. పేచీ అంతా పంపేటప్పుడే.

మా అనంతపురం బోరుబావుల పట్టికే తీసుకోండి. మనం ఏమీ చెప్పకపోతే ఆ ప్యాకేజీలో జేసన్‌గా మార్చే టుజేసన్ ఫంక్షన్ దశాంశాలను నాలుగు స్థానాలకు కుదించేస్తుంది. అక్షాంశంలో నాలుగో స్థానం అంటే నేల మీద దాదాపు 11 మీటర్లు. 14.681247 కాస్తా 14.6812 అవుతుంది, గట్టుకు ఇవతలి బోరు పటంలో పక్క రైతు చేలో తేలుతుంది. ఇక వాళ్లకు సర్దిచెప్పేది ఎవరు? ఆ ఫంక్షన్‌కు ఎన్ని స్థానాలు కావాలో చెప్పే డిజిట్స్ దగ్గర ఎన్‌ఏ అని రాస్తే ఈ బెడద ఉండదు.

వానల లెక్క ఇంకా సున్నితం. డేటా ఫ్రేమ్‌లో, అంటే ఆర్ పట్టికలో, ఒక మండలం వర్షపాతం ఎన్‌ఏ (విలువ నమోదు కాలేదు) అయితే, ఆ వరుసలో వర్షపాతం అనే పేరే రాకుండా పోతుంది. అవతలి ప్రోగ్రామ్ దాన్ని సున్నాగా చదివిందంటే అంతే సంగతులు. ఈ సీమలో చినుకు పడకపోవడం మామూలే, కానీ అది వేరు, లెక్క రాయకపోవడం వేరు. టుజేసన్‌లోని ఎన్‌ఏ అనే ఆర్గ్యుమెంటుకు నల్ (జేసన్‌లో ఖాళీకి గుర్తు) అని ఇస్తే ఖాళీ ఖాళీగానే వెళుతుంది.

ఆర్‌లో ఒంటరి విలువ అంటూ లేదు, అంతా వెక్టరే, అంటే విలువల వరుసే. అందుకే లిస్టులోని ఒక్క జిల్లా పేరు కూడా చదరపు బ్రాకెట్లు తగిలించుకుని బయలుదేరుతుంది. ఆ బ్రాకెట్లు తీసేయడానికి అందరూ చెప్పే ఆటో అన్‌బాక్స్ నాకు నచ్చదు: ఒకే మండలం ఉన్న జాబితాను కూడా అది జాబితాగా మిగల్చదు. కావలసిన చోట మాత్రమే అన్‌బాక్స్ ఫంక్షన్ వాడటం నయం.