అలిసిపోయిన ఆర్టిస్టుని బొమ్మలు మానేయమనకండి

ఈమధ్య ఒక సలహా తెగ షేర్ అవుతోంది. "బొమ్మలే నీ బతుకుతెరువైతే ఊరికే బొమ్మ వేయకు, ప్రతి గీతా డబ్బైనా తేవాలి, పోర్ట్‌ఫోలియోలోకైనా ఎక్కాలి. విసుగొస్తే కొన్నాళ్లు పెన్సిల్ ముట్టుకోకు. అయినా ఇష్టమైన పనికి విసుగేంటి?" దీన్ని నమ్మి కుర్రాళ్లు నిజంగానే స్కెచ్‌బుక్కులు అటకెక్కిస్తున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఆఖరి ముక్క. ఇష్టమైన పనికి విసుగు రాదా? 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, బొమ్మలంటే ముందే ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. ఒకట్రెండు వారాల తర్వాత చూస్తే, ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మలు వేసింది మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సేపే. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఇష్టం తగ్గలేదు. పిల్లల సంగతే పెద్దవాళ్లకీ అచ్చంగా వర్తిస్తుందని నేననను గానీ, నెలంతా ఇన్వాయిస్‌ల కోసమే గీసేవాళ్లకి ఇది కొత్త విషయమేమీ కాదు.

ఇక పెన్సిల్ ముట్టుకోవద్దనడం. మణికట్టు నొప్పెడుతుంటే, నిద్ర చాలకపోతే కచ్చితంగా ఆపాలి, అందులో వాదన లేదు. కానీ చాలాసార్లు మనం అలిసిపోయేది గీయడం వల్ల కాదు. "చీర రంగు మార్చండి, ఆవిడ కొంచెం నవ్వాలి, పైన టైటిల్‌కి చోటు వదలండి" అంటూ ఒకే కవర్ పేజీ నాలుగోసారి వెనక్కొస్తుందే, దాని వల్ల. క్లయింట్ బొమ్మని కంప్యూటర్‌లో లేయర్లుగా, అంటే విడివిడిగా మార్చుకోగల పొరలుగా విడగొట్టి పెట్టుకుంటాం, ఎప్పుడు ఏది మార్చమంటారోనని గీసేటప్పుడే భయం. అదే కిరాణా బిల్లు వెనక బాల్ పెన్నుతో బస్టాప్‌లో నిద్రపోతున్న మనిషిని వేసి చూడండి. చెరపడానికి లేదు, మార్చమనేవాళ్లూ లేరు, చెప్పు సగం తెగిపోయినట్టొచ్చినా అలాగే వదిలేసి మోకాలి దగ్గరికి వెళ్లిపోతాం. చేతికి కావాల్సిన విశ్రాంతి నా లెక్కలో ఇదే.

"ఊరికే వేస్తే టైమ్ వేస్ట్" అనేవాళ్లు ఆర్.కె. లక్ష్మణ్‌ని చూడాలి. టైమ్స్ ఆఫ్ ఇండియాలో దశాబ్దాల పాటు రోజూ కార్టూన్ ఇవ్వాల్సిన మనిషి, అంతకంటే టెన్షన్ ఉన్న ఉద్యోగం ఏ ఆర్టిస్టుకుంటుంది? అయినా కాకులంటే పిచ్చి, వాటిని జీవితమంతా గీస్తూనే ఉన్నారు. ఆ కాకులకి ఆ రోజు వార్తలతో ఏ సంబంధమూ లేదు. శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ కార్డుల మీద బొమ్మలేసి స్నేహితులకీ శిష్యులకీ పోస్టులో పంపేవారు, అదీ అక్కడి కళాశాల కళాభవన్ బాధ్యతలు నెత్తిన ఉండగానే.

అలాగని సరదా బొమ్మే అన్నిటికీ మందు అని చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పనితో పూర్తిగా అలిసి చతికిలబడటాన్ని, అదుపులోకి రాని పని ఒత్తిడి ఫలితంగానే నిర్వచించింది. కాబట్టి అడ్వాన్స్ తీసుకోవడం, రెండు కరెక్షన్లు దాటితే అదనంగా అడగడం, ఇవి చేయకుండా రాత్రి పూట పిల్లి బొమ్మలు వేసుకుంటే ఒత్తిడి ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇంకో మాట కూడా ఆ సలహాకి తోకలా తిరుగుతోంది: "సరదాగా వేసినా పోస్ట్ చెయ్, రీచ్ వస్తుంది." దయచేసి వద్దు. లైకులు లెక్కపెట్టుకోవడం మొదలైతే ఆ బొమ్మకీ ఒక క్లయింట్ తయారైనట్టే. చిన్న పుస్తకం ఒకటి కొనుక్కుని, అందులోది ఏదీ ఫోన్ కెమెరా ముందుకి తేకుండా ఒక నెల నడిపి చూడండి.